పిల్లల హియరింగ్ ఎయిడ్‌కు ఇన్సూరెన్స్: కొనే ముందు, కొన్నాక, అది పోయిన రోజున ఏం చేయాలి

"మా పాప మిషన్ పోయింది. ఇన్సూరెన్స్ కట్టాం. అయినా డబ్బు రాదంటున్నారు. ఇప్పుడేం చేయాలి?"

ఈ ప్రశ్న నన్ను అడిగిన తల్లిదండ్రులకు లెక్కలేదు. పోయాక అడిగితే నేను చెప్పగలిగేది కొంచెమే. పాలసీ కొనకముందు అడిగితే చాలా చెప్పగలను. అందుకే మొదటి నుంచి చివరి దాకా ఒకచోట రాస్తున్నాను.

మా వాడికి రెండో ఏట నుంచి రెండు చెవులకూ మిషన్లే. కొన్న రోజున బిల్లుతోపాటు ఒక ఇన్సూరెన్స్ ఫారం ముందు పెట్టారు. చదవకుండానే సంతకం పెట్టి వచ్చేశాం. వాడి నాలుగో ఏట పార్కులో ఎడమ చెవి మిషన్ పోయింది. అప్పుడు ఆ కాగితాలు తీసి చదివితే అందులో దొంగతనం ఉంది, అగ్నిప్రమాదం ఉంది, కిందపడి పగలడం ఉంది. పోవడం మాత్రం లేదు. కొత్తది చేతికొచ్చేదాకా మేం పిలిస్తే ఏ వైపు నుంచి పిలిచామో తెలియక వాడు చుట్టూ వెతుక్కునేవాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

మిగతాదంతా చదివే ఓపిక లేకపోతే మూడు మాటలు మాత్రం పట్టుకోండి: పోవడం, పగలడం, పాడవడం. ఎక్కడ ఎప్పుడు జారిందో తెలియకుండా కనిపించకపోతే పోవడం. కాలి కింద పడితే, కుక్క కొరికితే, నీళ్లలో పడితే పగలడం. ఎవరూ ఏమీ చేయకుండా లోపలి భాగం పనిచేయడం మానేస్తే పాడవడం. ఈ మూడింటినీ ఇన్సూరెన్స్ కంపెనీ వేర్వేరుగా చూస్తుంది. ఒకటి ఉన్నంత మాత్రాన మిగతా రెండూ ఉన్నట్టు కాదు. చిన్నపిల్లల విషయంలో తరచూ జరిగేది మొదటిది. చాలా పాలసీల్లో ఉండనిదీ అదే.

దగ్గర పెట్టుకోవలసినవి

– కొన్న బిల్లు. దానిమీద మోడల్ పేరు, రెండు మిషన్ల సీరియల్ నంబర్లు విడివిడిగా ఉండాలి.
– తయారీదారు వారంటీ కార్డు, వారంటీ ముగిసే తేదీ.
– బిడ్డ ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు), డాక్టరు లేదా ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) రాసిచ్చిన సిఫారసు.
– మిషన్ల ఫొటోలు: కుడిది, ఎడమది, సీరియల్ నంబర్ కనిపించేలా దగ్గర నుంచి ఒకటి, బిడ్డ పెట్టుకుని ఉన్నది ఒకటి.
– ఇంట్లో ఇప్పటికే ఉన్న పాలసీలన్నీ: ఇంటి సామాన్లది, ఆరోగ్యానిది, ప్రయాణానిది.
– ఒక నోటుబుక్కు. తేదీ, మాట్లాడిన మనిషి పేరు, చెప్పిన మాట రాసుకోవడానికి.

సీరియల్ నంబర్ దొరకలేదని చాలామంది అంటారు. చెవి వెనక పెట్టుకునే రకంలో అది మిషన్ ఒంటిమీద, లేదా బ్యాటరీ తలుపు తెరిస్తే లోపల, సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. ఎర్ర గుర్తు కుడి చెవిది, నీలం గుర్తు ఎడమ చెవిది. రాసుకునేటప్పుడు ఇవి తారుమారు కాకుండా చూసుకోండి. ఒకే మిషన్ పోయినప్పుడు తప్పు నంబరు ఇస్తే క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది.

1. మిషన్ ఎవరిదో ముందు తేల్చుకోండి

మీరే డబ్బు పెట్టి కొన్నారా? ప్రభుత్వమో ఆస్పత్రో ఇచ్చిందా? స్కూలు వాడుకోవడానికి ఇచ్చిందా? వస్తువు పోతే నష్టం ఎవరికో వాళ్లే దానికి ఇన్సూరెన్స్ చేయించగలరు. మీది కాని వస్తువును మీదని చెప్పి పాలసీ తీసుకుంటే, ప్రీమియం కట్టించుకుంటారు గానీ క్లెయిమ్ రోజున ఇవ్వరు.

వాడుకోవడానికి ఇచ్చిన మిషన్ అయితే, పోతే ఎవరు భరించాలో వాళ్లను కాగితం మీద అడగండి. కొందరు ఒకసారి ఉచితంగా మార్చి ఇస్తారు. కొందరు తల్లిదండ్రులదే బాధ్యత అంటారు. మీదే బాధ్యత అని రాసి ఉంటే ఆ కాగితాన్ని ఇన్సూరెన్స్ కంపెనీకి చూపించి, "నాది కాదు, కానీ బాధ్యత నాది" అని చెప్పే పాలసీ తీసుకోండి.

క్లాసులో టీచర్ మెడలో వేసుకునే వైర్‌లెస్ మైకును చాలామంది మర్చిపోతారు. దాని రిసీవర్ బిడ్డ మిషన్‌కు తగిలించి ఇంటికి వస్తుంది. ఇంటికొచ్చాక అది పోతే ఎవరి పాలసీ వర్తిస్తుందో స్కూలును ముందే అడిగి పెట్టుకోండి.

2. ఇప్పటికే మీకున్న రక్షణ ఎంతో చూడండి

కొత్త పాలసీ కొనే ముందు ఇంట్లో ఉన్నవన్నీ తీసి చదవండి. ఒకే వస్తువుకు రెండు చోట్ల ప్రీమియం కట్టినంత మాత్రాన డబ్బు రెండుసార్లు రాదు.

తయారీదారు వారంటీ: పాడవడం ఇందులో ఉంటుంది. పోవడం, పగలడం కూడా ఒక్కసారికి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, ముఖ్యంగా పిల్లల మోడళ్లకు. ఉంటే ఎన్నేళ్లు, ఎన్నిసార్లు, ఒక్కో చెవికా లేక రెండింటికీ కలిపా, మార్చి ఇచ్చేటప్పుడు మీరు కట్టాల్సింది ఎంత అని అడగండి. ఒకసారి వాడుకున్నాక ఆ మిషన్‌కు అది అయిపోయినట్టే. కొత్త పాలసీ తీసుకోవాల్సిన అసలు సమయం ఆ మర్నాడు. ఇది చాలామందికి తట్టదు.

ఇంటి సామాన్ల పాలసీ: ఇంట్లో ఉన్నప్పుడు సరే. బిడ్డ మిషన్ పెట్టుకుని బయటికెళ్తే? బయటికి తీసుకెళ్లే వస్తువులకు విడిగా భాగం ఉందా, అందులో ఒక్క వస్తువుకు గరిష్ఠ పరిమితి ఎంత అని చూడండి. ఆ పరిమితి కంటే మిషన్ విలువ ఎక్కువైతే, దాని పేరు, సీరియల్ నంబరు, విలువ పాలసీలో ప్రత్యేకంగా రాయించాలి. "ఇంట్లో సామాన్లన్నీ ఉన్నాయి కదా, ఇదీ అందులోనే" అనుకోవద్దు.

ఆరోగ్య ఇన్సూరెన్స్: ఇది మిషన్ కొనడానికి కొంత ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా అది సాధారణంగా కొనుగోలుకే గానీ, పోతే మళ్లీ ఇవ్వడానికి కాదు. కొన్నింట్లో ఇన్నేళ్లకు ఒకసారి మాత్రమే అని ఉంటుంది.

ప్రయాణ ఇన్సూరెన్స్: సామాను కింద హియరింగ్ ఎయిడ్లు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు రావని స్పష్టంగా రాసిన పాలసీలు చాలా ఉన్నాయి. మినహాయింపుల పేజీలోనే వెతకండి.

3. జాబితా, విలువ

ప్రతి వస్తువుకూ ఒక వరుస: పేరు, మోడల్, సీరియల్ నంబర్, కొన్న తేదీ, కొన్న ధర, ఈరోజు అదే కొత్తది కొనాలంటే అయ్యే ధర. పాలసీలో రాయించాల్సింది చివరిది. తక్కువ విలువ చూపిస్తే ప్రీమియం తగ్గుతుందని కొందరు సలహా ఇస్తారు. వినకండి. చాలా పాలసీల్లో, చూపించిన విలువ అసలు విలువలో ఎంత వంతో, నష్టంలో అంత వంతే ఇస్తారు. జత విలువ 100 వంతులు అనుకోండి. మీరు 50 అని రాయించారు. ఒక మిషన్ పోయింది, నష్టం 50. మీకు వచ్చేది 25. మీరు 50కి ఇన్సూరెన్స్ చేయించామనే అనుకుంటూ ఉంటారు.

విలువ మీ అంచనాగా రాయకండి. ఆడియాలజిస్ట్ దగ్గర "ఈ మోడల్ లేదా దీనికి సమానమైన మోడల్ కొత్తది ఇంత అవుతుంది" అని ఒక చిన్న లేఖ తీసుకోండి. అమర్చి ఇచ్చే ఫీజు, ప్రోగ్రామింగ్ ఫీజు (బిడ్డ వినికిడికి తగ్గట్టు మిషన్‌ను సెట్ చేసేందుకు) అందులో విడిగా రాయించండి. మిషన్ డబ్బు ఇచ్చి, ఫీజు మాది కాదనే పాలసీలు ఉన్నాయి. అయితే ప్రోగ్రామింగ్ లేని మిషన్ బిడ్డకు పనికిరాదు కదా.

ఇయర్ మోల్డ్, అంటే చెవి అచ్చు, చాలా పాలసీల్లో ఉండదు. చెవి పెరిగేకొద్దీ అది ఎలాగూ మార్చాలి, పసిపిల్లలకైతే కొన్ని వారాలకో నెలలకో ఒకసారి. ట్యూబులు, బ్యాటరీలు కూడా అంతే. వాటి కోసం పాలసీ వెతకొద్దు, నెల ఖర్చులో పెట్టుకోండి.

4. ఇతర పరికరాలుంటే

కాక్లియర్ ఇంప్లాంట్ (సర్జరీతో చెవి లోపల పెట్టే వినికిడి పరికరం) ఉన్న పిల్లలకు రెండు భాగాలని గుర్తుంచుకోండి. లోపల సర్జరీతో పెట్టినది పోయే వస్తువు కాదు, దానికి తయారీదారు వారంటీ, ఆరోగ్య పాలసీ సంగతి వేరు. బయట పెట్టుకునే ప్రాసెసర్, తలకు అంటుకునే కాయిల్, మధ్య కేబుల్ మీ ఇన్సూరెన్స్‌లో రావాలి. ప్రాసెసర్ అని మాత్రమే రాయిస్తే కాయిల్, కేబుల్ వదిలేస్తారు. మూడూ పేరుపేరునా రాయించండి.

ఇన్సులిన్ పంపు, నెబ్యులైజర్, ఫీడింగ్ పంపు, సక్షన్ మిషన్, పోర్టబుల్ ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, పవర్ వీల్‌చైర్ లాంటివి అయితే మొదట అడగాల్సింది "ఇది అద్దెదా, సొంతదా" అని. అద్దెదైతే ఆ ఒప్పందంలో నష్టం ఎవరిదో చదవండి. శరీరానికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ లాంటివి వాడి పారేసేవి, వాటికి ఈ రకం ఇన్సూరెన్స్ సాధారణంగా ఉండదు. దాన్ని చదివే రిసీవర్‌కు ఉండొచ్చు.

ప్రాణానికి ఆధారమైన పరికరానికి ఇన్సూరెన్స్ ఒక్కటే సరిపోదు. క్లెయిమ్‌కు రోజులు, వారాలు పడుతుంది. ఆ రాత్రికే ప్రత్యామ్నాయం ఏమిటో, ఎవరికి ఫోన్ చేయాలో డాక్టరుతో ముందే మాట్లాడి గోడ మీద అంటించండి. పాలసీ ఆ తర్వాతి సంగతి.

5. కంపెనీకి ప్రశ్నలు రాసి పంపండి

ఫోన్‌లో అడగొద్దు అనడం లేదు. ఫోన్‌లో "అన్నీ ఉన్నాయండీ, టెన్షన్ వద్దు" అంటారు. ఆ మాట క్లెయిమ్ రోజున ఎక్కడా ఉండదు. ఇలా మెయిల్ పెట్టండి, జవాబు దాచుకోండి:

"అయ్యా, మా బిడ్డ వయసు ఇన్నేళ్లు. రెండు చెవులకూ హియరింగ్ ఎయిడ్లు పెట్టుకుంటుంది. పాలసీ తీసుకునే ముందు ఈ కింది వాటికి అవును, కాదు అని, పాలసీలోని క్లాజు (షరతు) నంబరుతో జవాబు ఇవ్వగలరు.
– మిషన్ ఎక్కడ పోయిందో, ఎప్పుడు పోయిందో తెలియకపోయినా క్లెయిమ్ ఇస్తారా?
– బిడ్డ స్కూల్లో, ఆట స్థలంలో, బస్సులో ఉండగా పోతే ఇస్తారా? ఆ సమయంలో మేం పక్కన లేకపోతే?
– బిడ్డే తీసి విసిరేస్తే, నీళ్లలో వేస్తే ఇస్తారా?
– పెంపుడు జంతువు కొరికితే ఇస్తారా?
– చెమట, తేమ, బ్యాటరీ లీకు వల్ల పాడైతే ఇస్తారా?
– కొత్త దాని ధర ఇస్తారా, లేక తరుగుదల (పాతబడినందుకు తగ్గే విలువ) తీసేసి ఇస్తారా? తీస్తే ఏడాదికి ఎంత శాతం?
– ఒక్కటే పోయి, ఆ మోడల్ ఇప్పుడు తయారవకపోతే ఏం చేస్తారు?
– ప్రతి క్లెయిమ్‌లో మా వాటా ఎంత? ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లు?
– కాగితాలన్నీ ఇచ్చాక ఎన్ని రోజుల్లో తేలుస్తారు?"

ఇందులో ఏడో ప్రశ్నను ఎవరూ అడగరు. జత మిషన్లు ఇప్పుడు ఒకదానితో ఒకటి వైర్‌లెస్‌గా మాట్లాడుకుంటాయి. ఎడమది పోయి, ఆ మోడల్ ఆగిపోయి, కొత్త తరం మిషన్ ఒక్కటే ఇస్తే అది పాత కుడిదానితో కలవకపోవచ్చు. జత కింద ఇన్సూరెన్స్ చేసిన వస్తువుల్లో పోయినదానికే ఇస్తామని చాలా పాలసీల్లో ఒక క్లాజు ఉంటుంది. రెండూ మార్చాల్సి వస్తే రెండో దాని ధర మీ మీద పడుతుంది. దీనికి జవాబు స్పష్టంగా ఇచ్చిన కంపెనీని నేను ఎక్కువ నమ్ముతాను.

మొదటి ప్రశ్నకు "పోలీసు కంప్లయింట్ ఉంటే ఇస్తాం" అని జవాబు వస్తే, అది దొంగతనం గురించి చెబుతున్నట్టు. మళ్లీ అడగండి.

ఫారంలో అడిగిన వివరాలన్నీ నిజంగా నింపండి. ఇంతకుముందు ఒకటి పోయి ఉంటే చెప్పండి. దాచినట్టు తర్వాత తేలితే పాలసీ మొత్తం రద్దు చేసే హక్కు వాళ్లకు ఉంటుంది.

6. లెక్క వేయండి

ప్రీమియం తక్కువ ఉందని పాలసీ ఎంచుకోవద్దు. మిషన్ కొన్న మూడో ఏట పోయిందనుకుని చేతికి ఎంత వస్తుందో లెక్కేయండి.

ఉదాహరణకు జత 100 వంతులు, ఒక్కటి 50. రెండేళ్లు నిండాయి. ఒక పాలసీలో కొన్న ధర మీద ఏడాదికి 20 శాతం తరుగుదల ఉంది, మీ వాటా 10. అప్పుడు 50లోంచి తరుగుదల 20 పోయి 30, మీ వాటా పోయి 20 మిగిలింది. మీరు చేతి నుంచి ఇంకో 30 వేసుకోవాలి. ఇంకో పాలసీలో తరుగుదల లేదు, మీ వాటా అంతే 10. వచ్చేది 40. రెండో దాని ప్రీమియం ఏడాదికి ఈ 100లో రెండు మూడు వంతులు ఎక్కువైనా అదే మేలు.

మరీ ఎక్కువ ప్రీమియం అడుగుతున్నారా? ప్రీమియాన్ని మిషన్ వాడే ఏళ్లతో గుణించి చూడండి. మిషన్లు సాధారణంగా 5 ఏళ్ల వరకు వాడతారు. ఆ మొత్తం ఒక మిషన్ కొత్తది కొనే ఖర్చుకు దగ్గరగా వస్తే, అంత డబ్బు నెలనెలా ఒక ఖాతాలో వేసుకోవడం కూడా మార్గమే. కానీ ఆ డబ్బు ముట్టుకోకుండా ఉండగలరా అన్నది మీరే చెప్పాలి. రెండో నెలలోనే మిషన్ పోతే ఖాతాలో ఏమీ ఉండదు. చిన్నపిల్లలకు, బయట ఎక్కువగా ఆడే పిల్లలకు నేను ఇన్సూరెన్సే అంటాను. పదిహేనేళ్లు దాటి, తన మిషన్ తనే జాగ్రత్తగా చూసుకునే పిల్లలకు ఖాతా మార్గం ఆలోచించవచ్చు.

7. పాలసీ చేతికొచ్చాక సరిచూడండి

పాలసీ వచ్చింది, ఫైల్లో పెట్టేశాం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. మీరు ఒక గంట కూర్చోండి.

సీరియల్ నంబర్లు ఒక్కో అంకె చూస్తూ పోల్చండి. సున్నాకూ ఇంగ్లిష్ అక్షరం ఓకూ మధ్య పొరపాటు ఎక్కువ జరుగుతుంది. పాలసీ ఎవరి పేరున ఉందో, మీదో బిడ్డదో, సరిచూడండి. మొదలయ్యే తేదీ చూడండి. కొన్ని పాలసీల్లో కొన్న తేదీ నుంచి ఇన్ని రోజుల లోపు చేయిస్తేనే కొత్త వస్తువుగా తీసుకుంటారు, ఇంకొన్నింట్లో పాలసీ మొదలైన మొదటి కొన్ని రోజుల్లో పోతే ఇవ్వరు.

తర్వాత నాలుగు సంఘటనలు ఊహించుకోండి. పార్కులో పోయింది, ఎప్పుడో తెలియదు. స్కూలు బ్యాగులో పెట్టి ఉండగా పోయింది. కుక్క నమిలింది. స్విమ్మింగ్ పూల్‌లో పెట్టుకునే దిగేశాడు. ఒక్కోదానికి డబ్బు ఇస్తామని చెప్పే వాక్యాన్ని పాలసీలో వేలితో చూపించగలగాలి. చూపించలేకపోతే అది లేదన్నమాటే. మీకు కుదరకపోతే ఈ పని ఇంకొకరి చేత చేయించండి, కొత్త కళ్లకు లోపాలు త్వరగా కనిపిస్తాయి.

స్విమ్మింగ్ గురించి ఒక్క మాట. చాలా మిషన్ల మీద ఐపీ68 అని ఉంటుంది. దుమ్ము చొరబడదని ఆ 6, తయారీదారు చెప్పిన లోతులో, చెప్పినంత సేపు మంచినీళ్లలో ఉన్నా తట్టుకుంటుందని ఆ 8. క్లోరిన్ నీళ్లు, ఉప్పునీళ్లు, ఈత అందులో లేవు. "వాటర్‌ప్రూఫ్ అని అమ్మారు" అన్న వాదన క్లెయిమ్‌లో నిలబడదు.

తప్పు కనిపిస్తే మొదటి రోజుల్లోనే సరిచేయమని మెయిల్ పెట్టండి. పాలసీ నచ్చకపోతే వాపసు ఇచ్చే గడువు చాలా చోట్ల ఉంటుంది. ఆ తేదీ కూడా క్యాలెండర్‌లో రాసుకోండి.

8. జాగ్రత్తలు, వాటికి ఆధారాలు

"తగిన జాగ్రత్త తీసుకోవాలి" అని దాదాపు ప్రతి పాలసీలో ఉంటుంది. తీసుకున్నామని చూపించగలగాలి. చొక్కాకు క్లిప్పుతో తగిలించే తాడు వాడండి, బిడ్డ అలా పెట్టుకున్న ఫొటో ఒకటి ఉంచండి. రాత్రి తేమ పీల్చే డబ్బాలో పెట్టండి. సర్వీసు చేయించిన ప్రతిసారీ కాగితం తీసుకోండి. స్కూల్లో మిషన్ తీయాల్సి వస్తే ఎక్కడ పెట్టాలో టీచర్‌తో మాట్లాడి, ఒక పేరు రాసిన డబ్బా ఇవ్వండి. బ్యాగు అడుగున, టిష్యూ కాగితంలో చుట్టి పెట్టనివ్వకండి. టిష్యూలో చుట్టినవి చెత్తబుట్టలోకి పోతాయి.

బ్యాటరీ తలుపుకు పిల్లలు తెరవలేని లాక్ వేయించుకోండి. ఇది ఇన్సూరెన్స్ విషయం కాదు. బటన్ బ్యాటరీ మింగినా, ముక్కులోనో చెవిలోనో పెట్టుకున్నా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి, ఇంట్లో కనిపెట్టుకుని కూర్చోకూడదు. పగిలిన మిషన్‌ను క్లెయిమ్ కోసం దాచేటప్పుడు కూడా బ్యాటరీ తీసి విడిగా, అందనంత ఎత్తులో పెట్టండి.

ప్రయాణానికి ముందు పాలసీ ఏ దేశాల్లో, ఎన్ని రోజులు వర్తిస్తుందో చూడండి. మిషన్లు, విడి లిథియం బ్యాటరీలు విమానంలో చేతి సామానులోనే పెట్టండి. 100 వాట్ అవర్ దాటిన బ్యాటరీ ఉన్న పరికరమైతే ఎయిర్‌లైన్‌ను ముందే అడగాలి.

9. పోయిన రోజున

మొదట వెతకండి, కానీ కంగారుగా తొక్కుతూ కాదు. ఆన్‌లో ఉన్న మిషన్ దేనికైనా ఆనుకుని ఉంటే సన్నగా ఈల వేయవచ్చు. ఫ్యాను, టీవీ ఆపి, అందర్నీ మాట్లాడొద్దని చెప్పి వినండి. ఫోన్‌తో కలిసే మోడల్ అయితే యాప్‌లో చివరిసారి కనెక్ట్ అయిన చోటు కనిపించవచ్చు. బట్టల మడతలు, కారు సీటు సందులు, తువ్వాళ్లు, చెత్తబుట్ట చూడండి. బిడ్డను గద్దించకండి. గద్దిస్తే తర్వాతిసారి పోయిన సంగతి చెప్పడానికి భయపడతారు, అప్పుడు పోయిన చోటు కూడా తెలియదు.

అదే రోజు ఇవి చేయండి:

– ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టి, క్లెయిమ్ నంబరు తీసుకోండి. తెలియజేయడానికి గడువు ఉంటుంది, కొన్నింట్లో చాలా తక్కువ.
– స్కూలు, పార్కు, బస్సు వాళ్లకు చెప్పి, చెప్పినట్టు కాగితం మీదో మెసేజ్‌లోనో ఉంచుకోండి.
– దొంగతనమైతే పోలీసు ఫిర్యాదు, దాని కాపీ. పోయిందంటే పోయిందనే చెప్పండి. "దొంగతనం అంటే త్వరగా ఇస్తారు" అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అబద్ధం తేలితే ఈ క్లెయిమే కాదు, ముందుముందు పాలసీ దొరకడమూ కష్టమవుతుంది.
– చివరిసారి ఎప్పుడు చూశారు, ఎక్కడ వెతికారు అని జ్ఞాపకం తాజాగా ఉండగానే రాసి సంతకం పెట్టండి.
– ఆడియాలజిస్ట్‌కు ఫోన్ చేసి తాత్కాలిక మిషన్ ఉందా అడగండి. బిడ్డ పాత మిషన్ ఇంట్లో ఉంటే ఇప్పటి ఆడియోగ్రామ్‌కు సెట్ చేయించి వాడవచ్చు. అందుకే పాతవి పారేయొద్దని చెబుతాను.

పగిలితే ముక్కలన్నీ కవరులో వేసి ఉంచండి. మీరే విప్పొద్దు, కంపెనీ అనుమతి లేకుండా రిపేరు చేయించొద్దు. రిపేరు చేసే వాళ్ల దగ్గర "బాగుపడదు" లేదా "ఇంత అవుతుంది" అని రాయించుకుని, అది పంపండి.

10. కాదంటే

కాదన్న కారణాన్ని క్లాజు నంబరుతో రాసి ఇవ్వమని అడగండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ఐదో మెట్టులో మీరు దాచిన మెయిల్ తీసి, ఆ జవాబును జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. అక్కడా తేలకపోతే చాలా దేశాల్లో ఇన్సూరెన్స్ ఫిర్యాదుల కోసం అంబుడ్స్‌మన్ (కంపెనీతో సంబంధం లేకుండా విచారించే అధికారి) ఉంటారు, వాళ్ల దగ్గరికి వెళ్లడానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. "అరుగుదల వల్ల పాడైంది" అని కాదంటే, ఆడియాలజిస్ట్ దగ్గర ఇది ప్రమాదం వల్ల జరిగిందని వివరంగా లేఖ తీసుకుని మళ్లీ పంపండి. మొదటి కాదు దగ్గరే ఆగిపోయిన వాళ్లు నాకు చాలామంది తెలుసు. రెండో ఉత్తరానికి ఒప్పుకున్న సందర్భాలూ చూశాను.

11. కొత్త మిషన్ వచ్చాక

బిడ్డకు పెట్టించి, పాత సెట్టింగులే కాకుండా ఇప్పటి వినికిడికి సరిపోయేలా ఆడియాలజిస్ట్ చేత సరిచేయించండి. ఆ రోజే పాలసీలో పాత సీరియల్ నంబరు తీసేయించి కొత్తది ఎక్కించమని మెయిల్ పెట్టండి. మార్చిన కాగితం చేతికి వచ్చేదాకా వదలొద్దు. మిషన్ మారింది కాబట్టి వాళ్ల రికార్డులో అదే మారుతుందని మేం అనుకున్నాం. రెన్యువల్ కాగితం వచ్చినప్పుడు చూస్తే, పార్కులో పోయిన మిషన్ నంబరు మీదే ఇంకా ప్రీమియం కడుతున్నాం.